విప్పిన తూటాలు

రూపవతి మెట్లు దిగి బేస్‌మెంట్‌లోకి రావడం అరుదు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. ఏదైనా చెప్పాలంటే పైనుంచే "ధాత్రీ" అని ఒక కేక వేస్తుంది. ఆ శనివారం మాత్రం రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టే దిగి వచ్చి, ధాత్రి మంచం అంచున కూర్చుని ఆయాసం తీర్చుకుంది.

"నీతో ఒక పనుందమ్మా. ఇష్టం లేకపోతే లేదని చెప్పు, మొహమాటపడొద్దు."

"చెప్పండి ఆంటీ."

"వెనక గదిలో మీ అంకుల్ తూటాలున్నాయి కదా. అవన్నీ విప్పాలంట. ఒకళ్ళకి ఇవ్వనివ్వరు, పారెయ్యనివ్వరు. ఆయన కళ్ళ ముందే విప్పాలని పట్టు పట్టారు. నా వేళ్ళు చూశావుగా, సీసా మూత తిప్పడమే గగనం. ఆయనకేమో కుడిచెయ్యి పడిపోయె. నువ్వు కాస్త..."

ఆమె మాట పూర్తి కాకముందే ధాత్రి సరేనంది. ఆ ఇంట్లో చలికాలమంతా ఆమె దేనికీ కాదనలేదు. వాకిట్లో మంచు తవ్వింది. మందుల షాపుకు వెళ్ళింది. వీల్‌చైర్ కోసం గుమ్మం దగ్గర చెక్క ర్యాంపు వేస్తుంటే మేకులు అందించింది. రూపవతి చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం కూడా చెప్పింది, దేవుడు తమ ఇంటికి ఈ పిల్లను పంపించాడని. ఆ సంగతి ఎవరో వచ్చి చెప్పినప్పుడు ధాత్రి తింటున్న అన్నం పక్కన పెట్టి చెయ్యి కడుక్కుంది.

ధాత్రిది ఖమ్మం. ఆమె వచ్చిన ఏడు కెనడా అంతా చదువుకోవడానికి వచ్చిన పిల్లలే. కాలేజీలు సీట్లు ఇచ్చాయి గాని పడుకోవడానికి చోటు ఇవ్వలేదు. ఒషావాలో ఒక ఇంటి హాల్లో మరికొంతమంది అమ్మాయిలతో పరుపులు వరసగా పరుచుకుని పడుకునేది. మధ్యలో ఎవరు లేచినా అందరూ లేవాల్సిందే. అలాంటి రోజుల్లో తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో రూపవతి మెసేజ్ కనబడింది. అమ్మాయికి మాత్రమే, గది ఒకటి, వంట చేసుకోవచ్చు. సామానుతో గుమ్మంలో నిలబడ్డ ధాత్రిని చూసి సువార్తరాజు అన్న మొదటి మాట, "ముందు అన్నం తిను, తర్వాత రూలు చెప్తా." ఆ రూలేమిటో ఆయన చివరికీ చెప్పలేదు.

సువార్తరాజుది నరసాపురం. కుర్రతనంలోనే వచ్చి కార్ల ఫ్యాక్టరీలో చేరి, అక్కడే రిటైరయ్యాడు. ఫ్యాక్టరీలో ఆయన పక్కన నిలబడి పనిచేసిన గ్యారీ ఆయనకు వేట నేర్పాడు. ఏటా నవంబరు వచ్చిందంటే ఇద్దరూ ట్రక్కేసుకుని ఉత్తరాన అడవుల్లోకి జింకల వేటకు పోయేవారు. షాపులో కొన్న తూటాలు సువార్తరాజుకు గిట్టవు. తనవి తనే కట్టుకునేవాడు. ఇత్తడి డొల్లలో తుపాకీమందు తూచి పోయడం, దాని మూతిలో సీసపు గుండు బిగించడం. ఎందుకంకుల్ ఇంత శ్రమ అంటే, "కొట్లో ఆవకాయకీ ఇంట్లో ఆవకాయకీ తేడా లేదూ?" అనేవాడు.

బిగించాక అనుమానమొస్తే మళ్ళీ విప్పాలి. దానికి పుల్లర్ అని ఒక పనిముట్టుంది. చూడ్డానికి ప్లాస్టిక్ సుత్తిలా ఉంటుంది గాని తల బోలుగా ఉంటుంది. తూటాను ఆ తలలో బిగించి చెక్క దిమ్మ మీద గట్టిగా కొడితే, ఆ అదురుకి గుండు ఊడి, మందుతో సహా సుత్తి తలలోకి రాలుతుంది. చెక్క దిమ్మ వెనక గది నేల మీద ఉండేది. సరిగ్గా దాని కిందే ధాత్రి మంచం.

ఆ వేసవి నుంచి ఆయనకు అనుమానాలు ఎక్కువయ్యాయి. బిగించినవి విప్పడం, విప్పినవి బిగించడం. ధాత్రి గోదాములో నైట్ షిఫ్ట్ చేసి, పొద్దున క్లాసుకు వెళ్ళొచ్చి, మధ్యాహ్నం కళ్ళు మూసుకునేసరికి నెత్తిమీద ఠక్కు, ఠక్కు. కొన్నాళ్ళు ఓర్చుకుంది. ఒకరోజు ఏడుపు ఆపుకోలేక రూపవతికి చెప్పేసింది. ఆ సాయంత్రం ఆయనే మెట్ల మీద నిలబడి, "తప్పయిపోయింది తల్లీ. నువ్వు పడుకునే వేళ ఇంక కొట్టను. మాటంటే మాటే," అన్నాడు. నిజంగానే మానేశాడు.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం ఆ చప్పుడు మళ్ళీ వచ్చింది.

ముందు నేల అదిరినట్టు ఒక బరువైన శబ్దం. ధాత్రి నిద్రలో అటు తిరిగింది. కాసేపటికి ఠక్కు. ఆగి ఆగి మళ్ళీ ఠక్కు. ఆ ముందురోజు రాత్రి గోదాములో సూపర్‌వైజర్ అందరి ముందూ ఆమెను చివాట్లు పెట్టాడు. పొద్దున పరీక్ష పోయింది. ఇప్పుడు ఇది. మాటిచ్చి ఇదేం పద్ధతి అని ఒళ్ళు మండిపోయింది. మూలనున్న చీపురు కర్ర తీసి, మంచం మీద నిలబడి, సీలింగుకు రెండుసార్లు గట్టిగా పొడిచింది. చప్పుడు ఆగిపోయింది. అమ్మయ్య అనుకుని, చెవిమీద దిండు నొక్కుకుని నిద్రపోయింది.

మెలకువ వచ్చేసరికి కిటికీ బయట అంబులెన్స్ లైటు ఎర్రగా తిరుగుతోంది. వృద్ధుల హోమ్‌లో డ్యూటీ చేసి సాయంత్రం ఇంటికొచ్చిన రూపవతి, వెనక గదిలో పడి ఉన్న భర్తను చూసింది. స్ట్రోక్. కుడిపక్కంతా పడిపోయింది. ఎడమచేతిలో పుల్లర్ ఉంది.

ఎందుకు ఉందో ధాత్రికి ఆ క్షణమే తెలిసిపోయింది. రూపవతి మాత్రం హాస్పిటల్లో వచ్చినవాళ్ళందరికీ తనే చెప్పింది. "కింద ఈ పిల్ల ఉందిగాని, పాపం నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకుంటే పిడుగు పడ్డా తెలీదు. తెలిస్తే పరిగెత్తుకుని రాదూ." ధాత్రి తల వంచుకుంది. ఔననలేదు, కాదనలేదు. అలా వంచిన తల ఇక ఎత్తలేకపోయింది.

ఇంకాస్త ముందు తీసుకొస్తే రక్తం గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇచ్చేవాళ్ళం అని డాక్టరు అన్నమాట రూపవతి ప్రతి ఫోనులోనూ చెప్పుకునేది. హీటరు గాలి వచ్చే సందులోంచి ఆ మాట కిందికి స్పష్టంగా దిగేది. ఇల్లు మారిపోదామని ధాత్రి ఎన్నోసార్లు అనుకుంది. మారిపోతే తప్పించుకున్నట్టవుతుంది. ఉంటే మోసం చేసినట్టవుతుంది. ఏదీ తేల్చుకోలేక మంచు తవ్వుతూ ఉండిపోయింది.

ఇప్పుడు ఈ పని.

ఆ శనివారం మధ్యాహ్నం రూపవతి హోమ్‌కి డ్యూటీకి వెళ్ళాక ధాత్రి వెనక గదిలోకి అడుగుపెట్టింది. సువార్తరాజు వీల్‌చైర్ కిటికీ పక్కన ఉంది. ఆయనకు ఇంగ్లీషు మొత్తం పోయింది. ఇన్నేళ్ళు ఫ్యాక్టరీలో మాట్లాడిన ఇంగ్లీషులో ఒక్క ముక్క మిగల్లేదు. తెలుగు మాత్రం ఒక్కో మాటా వెతుక్కుంటూ వస్తోంది.

తుపాకులు గ్యారీ తన పేర రాయించుకుని పట్టుకెళ్ళాడు. తూటాలు కూడా తీసుకుంటానన్నాడు గాని ఈయన ఇవ్వలేదు.

"ఎందుకంకుల్? ఆయనకి పనికొస్తాయి కదా."

"ఒకడు... కట్టింది..." అని ఆగి, ఎడమచేత్తో తన గుండె మీద తట్టుకున్నాడు. "వాడే... కాల్చాలి. ఇంకోడు కాదు." కాస్త ఊపిరి తీసుకుని, "చివర్న కట్టినవి... నమ్మకం లేదు," అన్నాడు.

బల్ల మీదున్న ప్లాస్టిక్ కళ్ళజోడు పెట్టుకోమని వేలితో చూపించాడు. తూటాను పుల్లర్‌లో ఎలా పెట్టాలో, మూత ఎంత బిగించాలో సైగలతోనే చెప్పాడు. అన్నీ చేసి, దిమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ధాత్రి పుల్లర్ ఎత్తింది. కొట్టింది గాని చెయ్యి సగంలోనే మెత్తబడింది. గుండు కదల్లేదు.

"గట్టిగా," అన్నాడు ఆయన.

కళ్ళు మూసుకుని కొట్టింది. ఠక్కు. అదే చప్పుడు. కింద విన్నదానికన్నా పైన చాలా పెద్దది. మళ్ళీ కొట్టింది. మూడో దెబ్బకి లోపల ఏదో గలగలమంది. మూత విప్పి పళ్ళెంలో వంచితే సీసపు గుండు, దానితో పాటు బూడిదరంగు మందు రాలింది. సన్నగా విరిచిన చీపురు పుల్లల్లాంటి ముక్కలు. సువార్తరాజు పళ్ళెం దగ్గరకు తీసుకుని, వేలితో కదిపి చూసి, బాగుందన్నట్టు తలూపాడు. ఇత్తడి డొల్ల ఒక డబ్బాలో, గుండు ఒక సీసాలో, మందు ఇంకో డబ్బాలో.

ఆ పని కొన్ని శనివారాలు సాగింది. చేతులు అలవాటు పడ్డాయి గాని మనసు పడలేదు. ప్రతి దెబ్బకీ ధాత్రి కళ్ళ ముందు, ఎడమచేత్తో ఆ సుత్తి ఎత్తి దిమ్మను వెతుక్కునే మనిషే కనబడేవాడు. ఆయన మాత్రం ఏమీ ఎరగనట్టు, మధ్యమధ్య చాయ్ తాగమని గ్లాసు ముందుకు జరిపేవాడు. నేను విన్న సంగతి ఈయనకు తెలీదు, నిద్రలో ఉన్నాననుకుని ఉంటాడు అని ధాత్రి తనకు తనే నచ్చచెప్పుకునేది. ఆ ఆలోచన ఊరటనిచ్చేది, వెంటనే సిగ్గూ తెచ్చేది.

చివరి పెట్టె తెరిచిన రోజు బయట మంచు కరిగి పెరట్లో గడ్డి కనబడుతోంది. మొదటి కొన్ని మామూలుగానే విప్పింది. తర్వాత విప్పినదాంట్లోంచి పళ్ళెంలోకి రాలింది చూసి చెయ్యి ఆపింది. పుల్లలు కావు. నల్లటి సన్నటి రేకులు, మిరియాలు కచ్చాపచ్చాగా దంచినట్టు.

"అంకుల్, ఇది వేరేలా ఉంది."

సువార్తరాజు వీల్‌చైర్‌లో ముందుకు వంగి చూశాడు. ఆయన ముఖంలో మంచి సగం కూడా పాలిపోయింది. అల్మరాలో ఉన్న ఇంకో డబ్బా వైపు వేలు చూపించాడు. అది చిన్న తుపాకులకు వాడే మందు. చాలా వేగంగా మండేది. పెద్ద తుపాకీ తూటాలో అది నింపితే ముందుకు పోవాల్సిన పేలుడు తుపాకీనే పగలగొట్టి, కాల్చినవాడి ముఖం మీదికి వస్తుంది. ఆ మాట ఆయన పూర్తిగా చెప్పలేకపోయాడు. తన ముఖం మీద అరచెయ్యి పెట్టి చూపించాడు.

"నేనే... కలిపేశా. అప్పటికే... బుర్ర..." అన్నాడు. అంతలో ఏదో గుర్తొచ్చి ధాత్రి మణికట్టు పట్టుకున్నాడు. "గ్యారీ. వాడికి... ఇచ్చా. ఒక పెట్టె."

స్ట్రోక్‌కి కొద్దిరోజుల ముందు ఇచ్చాడట. రాజు లేని వేటకు నేను పోను అని గ్యారీ ఆ నవంబరులో అడవికి వెళ్ళలేదు. ఆ పెట్టె గ్యారీ దగ్గరే ఉండాలి.

ధాత్రి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. గ్యారీ గొంతు రాగానే సువార్తరాజు నోరు తెరిచాడు. ఏవో శబ్దాలు వచ్చాయి, మాట రాలేదు. చెప్పు అని ధాత్రికి సైగ చేశాడు. ఆమె ఇంగ్లీషులో మొదలుపెట్టింది.

"గ్యారీ, అంకుల్ మీకిచ్చిన తూటాలు దయచేసి కాల్చకండి. వాటిలో వేరే మందు పడి ఉండొచ్చు. ఇక్కడ ఒకదాంట్లో చూశాం."

"తప్పు నాది," అన్నాడు సువార్తరాజు తెలుగులో. "అది చెప్పు."

"పొరపాటయిందని చెప్పమంటున్నారు."

"పొరపాటు... కాదు." ఆయన తల అడ్డంగా ఊపాడు. "తప్పు. నాది."

ధాత్రి ఫోన్ దగ్గరకు వంగింది. "తప్పు తనదేనని చెప్పమంటున్నారు. మందు తనే మార్చేశారట. మీకు చెప్పకుండా ఉండలేనంటున్నారు."

గ్యారీ అన్నాడు. "రేపు పొద్దున షూటింగ్ రేంజికి పోదామని ఆ పెట్టె ట్రక్కులో పెట్టుకున్నాను. సరే. ముట్టుకోను, అక్కడికే తెస్తాను. కోపం లేదని రాజ్‌కి చెప్పు." కాసేపాగి, "కాదు, కొంచెం ఉంది. అదీ చెప్పు. కానీ ఫోన్ చేశాడు కదా," అన్నాడు.

ధాత్రి అంతా తెలుగులో చెప్పింది. సువార్తరాజు విని కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. ఎడమ కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు. ఎంతో బరువు దింపుకున్నవాడిలా ఊపిరి వదిలాడు.

ధాత్రి ఆయననే చూస్తూ నిలబడింది. మాట రానివాడు, ఇంకొకరి నోరు అడుక్కుని మరీ తన తప్పు చెప్పించుకున్నాడు. నోరున్న తను చలికాలమంతా మంచు తవ్వింది.

"అంకుల్," అంది. "ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నా. నిద్రపోలేదు. మీరు కొట్టేది విన్నా. నన్ను నిద్రపోనిస్తలేరని కోపమొచ్చింది. అందుకే రాలేదు."

ఆయన కళ్ళు తెరిచాడు. ఆశ్చర్యపోలేదు.

"తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసంకుల్?" అంది ధాత్రి.

"నువ్వు... కొట్టావు కదా." ఎడమచేత్తో కుర్చీ చెయ్యి మీద రెండుసార్లు తట్టి చూపించాడు. "కింద నించి. వస్తున్నావనుకున్నా. అందుకే... ఆపేశా."

ఇన్నాళ్ళూ ధాత్రికి ఆ చప్పుడు ఎందుకు ఆగిందో తెలీలేదు. తన కోపానికి జడిసి ఆగిందనుకుంది. తర్వాత, ఆయన స్పృహ తప్పి ఉంటాడనుకుంది. ఆయన మాత్రం నేల మీద పడుకుని, తలుపు వైపు చూస్తూ, వస్తుందిలే అని ఎదురు చూశాడు. ఆమె దిమ్మ పక్కనే కూలబడిపోయింది. ఏడుద్దామన్నా ఏడుపు రాలేదు.

"ఆంటీకి ఎందుకు చెప్పలేదు?"

"మొదట... మాట లేదు." ఆయన చాలాసేపు మాట కోసం వెతికాడు. "తర్వాత... కిటికీలోంచి చూశా. మంచు... తవ్వుతున్నావు."

అంతకుమించి చెప్పలేకపోయాడో, చెప్పదలచుకోలేదో. పెట్టెలో మిగిలినవాటి వైపు చెయ్యి చూపించి, "ఇవి... కానియ్యి," అన్నాడు. ధాత్రి కళ్ళజోడు సరిచేసుకుని మిగతావి విప్పింది.

సాయంత్రం రూపవతి డ్యూటీ నుంచి వచ్చి, వంటింట్లో సొరకాయ తరుగుతుంటే, ధాత్రి వెళ్ళి గుమ్మంలోనే నిలబడి చెప్పేసింది. చీపురు కర్రతో సహా. రూపవతి కత్తి కింద పెట్టింది.

"మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పింది. రెండోసారి చెప్పడం మొదటిసారికన్నా కష్టమైంది.

"ఆ రోజు ఆయన చేతిలోంచి ఆ సుత్తి తీయడానికి ఎంత కష్టపడ్డానో తెలుసా నీకు," అంది రూపవతి. "వేళ్ళు వదలట్లేదు. ఎందుకు పట్టుకున్నారో అర్థం కాక, పని చేస్తూ పడిపోయారనుకున్నా. నేను సంఘంలో నిలబడి నీ గురించి సాక్ష్యం చెప్పానే. దేవుడి ముందు." ఆమె గొంతు లేవలేదు. అదే ధాత్రిని భయపెట్టింది. "ఇప్పుడు నీ మొహం చూడలేను. కిందికి వెళ్ళు."

ఆ తర్వాత చాలారోజులు పైనుంచి "ధాత్రీ" అనే కేక వినబడలేదు. ధాత్రి కోసం రోజూ మెట్ల మీద కూర గిన్నె పెట్టడం కూడా ఆగిపోయింది. ఈ సంగతి ఫోన్లో అందరికీ చెప్తుందని ధాత్రి హీటరు సందు కింద చెవి ఒగ్గి కూర్చునేది. రూపవతి ఎవరికీ చెప్పలేదు. అది ఇంకా బాధగా ఉండేది.

గ్యారీ తన పెట్టెతో వచ్చాడు. పెద్ద చేతులున్న మనిషి, టకటకా విప్పేశాడు. రెండిట్లో నల్లరేకులు దొరికాయి. సువార్తరాజు భుజం మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత డబ్బాల్లో పోగైన మందంతా పెరట్లో గడ్డి మీద పల్చగా చల్లేశాడు. గడ్డికి మంచిదట.

ఆ వారమే ధాత్రి క్లాస్‌మేట్ ఒకమ్మాయి కెనడాలోనే ఉన్న లండన్ అనే ఊళ్ళో గది ఉందని చెప్పింది. ధాత్రి పైకి వెళ్ళి, నెలాఖరుకి ఖాళీ చేస్తానని రూపవతితో అంది.

రూపవతి మడతపెడుతున్న బట్టలు ఒళ్ళో పెట్టుకుని ఆమె వైపు చూసింది. చాలారోజుల తర్వాత మొదటిసారి.

"వెళ్ళిపోతే నీకు బాగుంటుంది. మరి మాకు?" అంది. "బుధవారాలు స్పీచ్ థెరపీ పెట్టారు. నాకేమో షిఫ్ట్ మార్చరు. నువ్వే రావాలంటున్నది ఆయన, నేను కాదు. నేనైతే నిన్ను పంపేసేదాన్నే."

"ఎక్కడికీ వెళ్ళనాంటీ. బుధవారాలు నేనే వస్తా."

"నేను క్షమించాననుకోకు. ఆ మనసు ఇమ్మని రోజూ ప్రార్థనలో అడుగుతున్నా. ఇంకా రాలేదు." మళ్ళీ బట్టలు మడతపెట్టడంలో పడింది. కాసేపటికి తలెత్తకుండానే, "బస్సు ర్యాంపు దించేదాకా కుర్చీ బ్రేకు తీయకు. జారిపోతుంది," అంది.

బుధవారం బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చుని దారిపొడుగునా బోర్డులు చూస్తూ వెళ్ళాడు. చదవడానికి పెదవులు కదుపుతున్నాడు గాని అక్షరాలు చిక్కడం లేదు. థెరపీ గదిలో ఉన్న అమ్మాయి నవ్వుతూ పలకరించి, ఈ వచ్చినామె మీకేమవుతుందని అడిగింది. ధాత్రి ఆ ప్రశ్నను తెలుగులో ఆయనకు చెప్పింది.

సువార్తరాజు నుదురు ముడివేసి వెతుక్కున్నాడు. థెరపిస్టు తొందరపెట్టకుండా ఎదురు చూసింది.

"మా... కిందింటి... పిల్ల," అన్నాడు చివరికి.

థెరపిస్టు ఏమన్నారన్నట్టు ధాత్రి వైపు చూసింది. అద్దెకుండే అమ్మాయిని అని ఇంగ్లీషులో చెప్పబోయి ధాత్రి ఆగింది. ఆయన అన్నది అది కాదు. ఆయన అన్నదానికి ఆమె దగ్గర ఇంగ్లీషు మాట లేదు. ఉన్నా, దాన్ని తన నోటితో అనే హక్కు తనకుందో లేదో ఆమెకు తెలియలేదు.

"వాళ్ళింట్లో ఉంటాను," అని చెప్పి, కుర్చీ దగ్గరకు లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.